మేం పూడ్చేసిన గంట

రిటైరైనవాడికి మైకు ఇస్తే వదలడని మీకు భయం ఉంటుంది. న్యాయమే. మా చర్చిలో నేను సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా మా ఆవిడ రెండో వరసలోంచి వాచీ తట్టి చూపిస్తుంది. అందుకని ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగమంతా ఏకరువు పెట్టను. ఒక్క ప్రాజెక్టు గురించి చెప్తాను. నేను నిలబెట్టింది కాదు, చెడగొట్టింది. నిలబెట్టినవి ఎలాగూ రెజ్యూమెలో ఉన్నాయి.

అప్పుడు నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఓ చిన్న కన్సల్టింగ్ కంపెనీలో టెక్ లీడ్‌ని. నాకు నిదానం అంటే పడదు. మైక్రోవేవ్‌లో ఇంకా ఎనిమిది సెకన్లు ఉండగానే తలుపు లాగేసే రకం. లంచ్ అంటే కీబోర్డు పక్కన డబ్బా, కుడిచేత్తో ముద్ద, ఎడంచేత్తో మౌస్. నా కీబోర్డులో ఎంటర్ కీ పులిహోర పసుపుతో పచ్చగా ఉండేది. టీమంతా నన్ను చూసే నేర్చుకున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి మా ఫ్లోర్ మీదకి ఎవరైనా వస్తే, ఇక్కడెవరూ తిండి తినరేమో అనుకునేవాళ్ళు.

మా క్లయింట్ ఒక అమెరికన్ పెద్దావిడ. డెబ్బై దాటాయి. ఫ్రాన్స్‌లో కాలవల మీద పడవ ప్రయాణాలు ఏర్పాటు చేసే చిన్న కంపెనీ ఆవిడది. ఇక్కడి రిటైరైన జంటలు అక్కడికెళ్ళి, పడవ అద్దెకి తీసుకుని, వారం రోజులు వాళ్ళే నడుపుకుంటూ ఊళ్ళు చూస్తారు. మా కృష్ణా కాలవల మీద లాకులు చూసినవాళ్ళకి అక్కడి సంగతి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. కాలవ మెట్లు మెట్లుగా దిగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా రెండు జతల పెద్ద తలుపులుంటాయి. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు నింపో వదిలో, అవతలి మట్టానికి తెచ్చి ముందు తలుపులు తీస్తారు. అదే లాకు. తీసే మనిషి ఆ పక్కనే చిన్న ఇంట్లో కాపురం ఉంటాడు.

మేం కట్టాల్సింది ఒక యాప్. ఏ లాకు దగ్గరికి ఎన్నింటికి చేరతారు, ఎప్పుడు దాటతారు, సాయంత్రానికి ఏ ఊళ్ళో ఉంటారు, అన్నీ ఫోన్‌లో కనపడాలి. మొదటి మీటింగులోనే నేను ఉత్సాహంగా, మా యాప్ వాడితే మీ కస్టమర్లు ఏడు రోజుల ట్రిప్పు ఐదు రోజుల్లో ముగించేస్తారని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మరి మిగతా రెండు రోజులూ వాళ్ళేం చేస్తారని అడిగింది. నేను జోకనుకుని గట్టిగా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పాత సీజన్ల లాకు రికార్డులు మాకు పంపించారు. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంది అన్న లెక్క. దాన్ని చూసింది మా టీంలో వరంగల్ వైపు అమ్మాయి. అమ్మాయంటే ముప్ఫయ్యారేళ్ళ మనిషి, ఐదో క్లాసు చదివే కూతురుంది. పనిలో నాకంటే చురుకు. నేను ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. నాకు నాలుగు సీట్ల అవతల కూర్చునేది, అయినా మేం చాట్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు ఇలా రాసింది: "అన్నా, పన్నెండు నుంచి ఒంటిగంట దాక ఏ లాకుల కూడ ఒక్క ఎంట్రీ లేదు. అన్ని రోజులు గిట్లనే ఉంది. ఏదన్న ఉన్నదేమో, క్లయింట్‌ని అడుగుదమా?"

నేను పెరుగన్నం తింటున్నాను. ఎడంచేత్తో జవాబు కొట్టాను. సెన్సర్ ప్రాబ్లం అయ్యుంటుంది, ముందు గంటా వెనక గంటా యావరేజ్ తీసి ఆ ఖాళీ పూడ్చెయ్ అన్నాను. రెండు రోజులాగి మళ్ళీ అడిగింది. ఇంక దాన్ని తవ్వొద్దు తల్లీ, డెడ్‌లైన్ పీకల మీదుంది అన్నాను. ఆమె పూడ్చేసింది. కోడ్ ఆమె పేరు మీద ఎక్కింది.

ఆ శరదృతువులో యాప్ వదిలాం. వారం తిరక్కుండానే కంప్లయింట్లు మొదలు. యాప్ తెరిచి ఉంటుందన్న టైముకి లాకు మూసి ఉంటోందట. ఒకాయన తలుపుల ముందు నిలబడి పడవ హారన్ మోగిస్తూనే ఉన్నాడట. లాకులు చూసేవాళ్ళు ఆయన మీద పెద్దావిడకి ఉత్తరం రాశారు. మేం ఇది జీపీఎస్ తప్పని తేల్చేసి, చలికాలమంతా జీపీఎస్‌ని సాన పెట్టాం. జార్జియాలో కూర్చుని ఫ్రాన్స్‌లోని బర్గండీలో పడవ ఎక్కడుందో మూడడుగుల తేడాతో చెప్పగలిగే స్థితికి వచ్చాం. పడవ ముందున్న తలుపు ఎందుకు మూసుందో మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు.

మార్చిలో ఆవిడ మెయిల్ పెట్టింది. రెండే వాక్యాలు. వసంతంలో మొదటి పడవలో నాతో రండి, ఈ ప్రాజెక్టు ఉంచాలో తీసెయ్యాలో ఆ తర్వాత చెప్తాను అని.

ఇక్కడ మీకు అసలు సంగతి చెప్పాలి. ఆ వరంగల్ అమ్మాయికి హెచ్ వన్ వీసా గడువు జూన్ చివరికి అయిపోతోంది. ఎక్స్‌టెన్షన్‌కి క్లయింట్ లెటర్ కావాలి. ఈమె మా ప్రాజెక్టు మీద పని చేస్తోంది, ఇకముందూ చేస్తుంది అని పెద్దావిడ సంతకం పెట్టిన కాగితం. ఆ కాగితం లేకపోతే ఫైల్ చెయ్యడానికి లేదు. భర్త వీసా కూడా ఈమె మీదే ఆధారం. లెటర్ టైప్ చేసి ఫిబ్రవరిలోనే పంపాం. ట్రిప్పయ్యాక చూద్దాం అంది పెద్దావిడ. తన కూతురు స్కూల్లో వచ్చే ఏడాది సైన్స్ ఫెయిర్‌కి పేరిచ్చిందనీ, అప్పటికి ఇక్కడుంటామో లేదో పిల్లకి చెప్పలేదనీ ఆ వరంగల్ అమ్మాయి ఒకసారి పార్కింగ్ లాట్‌లో నాతో అంది.

న్యాయంగా పడవెక్కాల్సింది ఆమే. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయింది. దేశం దాటితే తిరిగి రావడానికి మళ్ళీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. సిటిజన్ని నేనే కాబట్టి నేను బయల్దేరాను. మీ ఆవిణ్ణి కూడా తీసుకురమ్మంది పెద్దావిడ. ఈస్టర్ ఆరాధన అయిన మూడో రోజున, గోంగూర పచ్చడి సీసా మూడు కవర్లలో చుట్టుకుని విమానం ఎక్కాం.

పడవ బాగుంది. చిన్న వంటిల్లు, రెండు పడగ్గదులు, పైన కూర్చోడానికి చోటు. పెద్దావిడే నడిపింది. మా పక్కన గట్టు మీద ఓ కుక్క మాతో సమానంగా నడిచింది, కాసేపటికి విసుగొచ్చి మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. గట్టు పొడవునా చెట్లు లేత ఆకు వేస్తున్నాయి. మా ఆవిడ కోటు బిగించుకుని, చూడండి చూడండి అంటూనే ఉంది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. నా చేతిలో కొత్త వెర్షన్. తర్వాతి లాకు పన్నెండూ ఇరవైకి తెరుస్తారని చూపిస్తోంది.

పన్నెండూ పద్దెనిమిదికి చేరాం. చూశారా అన్నట్టు పెద్దావిడ వైపు తిరిగాను. ఆవిడ పడవని గట్టుకి కట్టి, లోపలికెళ్ళి రొట్టె కోస్తోంది. ఇరవై అయింది. తలుపులు కదల్లేదు. ఇరవై అయిదు. యాప్ మూసి తెరిచాను. ఫోన్ ఆపి ఆన్ చేశాను. ఆ తలుపుల మీద నాకు కనపడింది చెక్కా ఇనుమూ కాదు, సంతకం లేని ఆ లెటరే. అల్ఫారెట్టాలో పొద్దున్న ఆరున్నర కూడా కాలేదు. అయినా ఆ అమ్మాయికి ఫోన్ కొట్టాను. సర్వర్ పడిపోయిందా తల్లీ అంటే, లేదన్నా, నడుస్తున్నది అంది నిద్రమత్తులోనే లాప్‌టాప్ తెరిచి.

అప్పుడు మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. "ఏవండీ, వాళ్ళు అన్నం తింటున్నారండీ."

చూశాను. లాకు పక్క ఇంటి ముందు, తెల్లగా పూసిన చెట్టు కింద బల్ల వేసుకుని, లాకు చూసే ఆవిడా ఆవిడ మొగుడూ భోంచేస్తున్నారు. సూపు గిన్నె, ఎర్ర ముల్లంగులు, వెన్న, ఇంత పొడుగు రొట్టె. తొందరనేదే లేదు. ఆవిడ మమ్మల్ని చూసి గ్లాసెత్తింది. నేను ఫోనెత్తి చూపించాను. ఆవిడ నవ్వి మళ్ళీ సూపు వడ్డించుకుంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. రోజూ. ప్రతి లాకు దగ్గరా. సెన్సర్లు బ్రహ్మాండంగా పని చేశాయి. ఆ కాలవ మీద ఉన్న లాకులవాళ్ళందరి భోజనాన్నీ నేను డేటా తప్పని కొట్టేసి, యావరేజ్ పోసి పూడిపించాను. ప్రపంచంలో ఇంకే టీమైనా ఆ ఖాళీ చూడగానే లంచ్ అనుకునేది. మాకది తట్టకపోవడానికి కారణం, మా రోజులో అలాంటి గంట లేదు.

ఫోన్‌లో ఆ అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి "నేను చెప్పిన గదా" అనలేదు. అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. మరి నా లెటర్ అన్నా, అని మాత్రం అంది.

ఇది మీకు ముందే తెలుసా అని పెద్దావిణ్ణి అడిగాను. ముప్ఫయ్యేళ్ళుగా తెలుసంది. మరి ఒక్క మాట చెప్పొచ్చుగా అంటే, మీరు ఏడు మీటింగులు పెట్టారు, ఏడింట్లోనూ మీరే మాట్లాడారు, నన్నొక్క ప్రశ్న అడగలేదు అంది. కోపంగా కాదు, రొట్టె నా వైపు జరుపుతూ. ఒంటిగంటకి లాకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపులు తీసింది. మా ఆవిడ ఆవిడకి చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి ఇచ్చింది. బదులుగా ఆవిడ తన మడిలోంచి లేత ఆకుకూర కోసిచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత రోజుల గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ జేబులో పెట్టాను. మూడో రోజు అది ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. మా ఆవిడ ఒక లాకు దగ్గర దిగి, గట్టు మీద నడుచుకుంటూ ఊళ్ళోకెళ్ళి గుడ్లు కొనుక్కుని, తర్వాతి లాకు దగ్గర మాకంటే ముందే నిలబడి ఉండేది. గడ్డిలో ఆవులు తలెత్తి చూసేవి. నాకు ఒకరోజు చుక్కాని చక్రం ఇచ్చారు. గంటకి మూడు మైళ్ళు కూడా లేని వేగానికి నా అరచేతులు చెమట పట్టాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. హాయిగా ఉంది, ఇంకో మాట లేదు.

నాలుగో రోజు మా డైరెక్టర్ ఫోన్ చేశాడు. మనవాడే, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నన్ను గురువుగారూ అంటాడు. సంగతంతా విని, కోడ్ ఎవరి పేరు మీదుంది అని అడిగాడు. చెప్పాను. అయితే డెవలపర్ పొరపాటని రాసేద్దాం గురువుగారూ, ఆ అమ్మాయిని తప్పించి వేరేవాళ్ళని పెడతామంటే ఆవిడ చల్లబడుద్ది, ప్రాజెక్టు నిలుస్తుంది అన్నాడు. నేను ఊఁ అన్నాను.

మీ ముందు దాచడం దేనికి, ఆ రోజు నేను కాదనలేదు. రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది. లీడ్‌గా వచ్చాను, లీడ్‌గానే వెళ్ళాలని ఉంది. ఆ ఫోన్ మా ఆవిడ పక్కనుండి విన్నది. ఒక లాకు దాటేదాకా పడవ తాళ్ళు చుట్టుకుంటూ కూర్చుంది. రెండో లాకులో నీళ్ళు దిగుతుంటే అడిగింది. "ఆ పిల్ల సామాను సర్దుకుంటుంటే మీరు వెళ్ళి డబ్బాలకి టేపు వేసొస్తారా?"

తిరిగొచ్చిన వారంలోనే అల్ఫారెట్టా ఆఫీసులో మీటింగ్. పెద్దావిడ వచ్చింది. ఆ అమ్మాయి బల్ల చివర కూర్చుంది, చేతులు రెండూ బల్ల కిందే ఉన్నాయి. డైరెక్టర్ నాలుగో స్లైడ్ వేశాడు. మూల కారణం: డెవలపర్ డేటా పొరపాటు.

నేను లేచాను. "ఈ స్లైడ్ తప్పు," అన్నాను. "మిమ్మల్ని అడుగుదామని ఆమె రెండుసార్లు అంది. అక్కర్లేదు, పూడ్చెయ్యమన్నది నేను." చాట్ తెర మీద పెట్టి, ఆవిడకి ఇంగ్లీషులో చదివి వినిపించాను. తవ్వొద్దు తల్లీ అన్నది కూడా వదల్లేదు. డైరెక్టర్ మొహం మాడిపోయింది.

పెద్దావిడ నా వైపు చూడనైనా చూడలేదు. కుర్చీ ఆ అమ్మాయి వైపు తిప్పుకుని, ఆ ఖాళీలో ఏముంటుందని అనుకున్నావు అని అడిగింది. ఇన్ని నెలల్లో ఆమెని నేరుగా ఒక ప్రశ్న అడిగింది అదే మొదలు. ఆమె మెల్లిగా చెప్పింది. వాళ్ళ నాన్న మిల్లులో పని చేసేవాడట. మధ్యాహ్నం సైరన్ మోగగానే మిల్లు చప్పుడు ఆగిపోయేదట. ఆ నిశ్శబ్దం వినపడగానే వాళ్ళమ్మ ఈమె చేతికి టిఫిన్ క్యారియర్ ఇచ్చి పంపేది. నాన్న తినేదాకా పక్కన కూర్చోవడం తన పని. చిన్నప్పుడు నాన్నతో మాట్లాడటానికి దొరికింది ఆ కాసేపేనట. రికార్డుల్లో ఆ ఖాళీ చూడగానే తనకి ఎందుకో అదే గుర్తొచ్చిందట, కానీ ఆఫీసులో చెప్పే మాట కాదని ఊరుకుందట.

పెద్దావిడ లెటర్ ఏదని అడిగింది. ఫైల్లోంచి తీసిచ్చాను. దాన్ని తన పద్ధతిలో, ప్రతి అక్షరం మీదా ఆగుతూ చదివింది. తర్వాత పెన్ను తీసి సంతకం పెట్టి, ఈ పని ఇకనుంచి ఈవిడ నడిపిస్తే ప్రాజెక్టు ఉంటుంది అంది. మరి ఈయన అని డైరెక్టర్ నా వైపు చూశాడు. ఈయన టెస్టింగ్ చేస్తారు, ఏటా వసంతంలో నాతో పడవలో వచ్చి పన్నెండింటికి ఏమవుతుందో చూస్తారు అంది. మేమూ అదే అనుకున్నామండీ అని డైరెక్టర్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా అనేశాడు. పైకి రావాలనుకునేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

అలా నేను టెస్టర్నయ్యాను. ఆ అమ్మాయి కింద. మొదటి వారం కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. ఏ లాకుకి ఎన్నింటికి చేరతారన్న టైముని ఆమె యాప్‌లోంచే తీసేసింది. కాలవ బొమ్మ ఉంటుంది, ఊళ్ళుంటాయి, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా లాకుల పక్కన ఒక గిన్నె బొమ్మ ఉంటుంది. కస్టమర్లకి నచ్చింది. ఆఫీసు క్యాలెండర్‌లో కూడా ఆ గంట మూసేసింది. మొదట్లో మాకు ఏం చెయ్యాలో తెలీక ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్నాం. తర్వాత డబ్బాలు బల్ల మీదకొచ్చాయి. ఐదేళ్ళుగా నా పక్క సీట్లో ఉన్నతను వంకాయ తినడని నాకు అప్పుడే తెలిసింది.

ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేశారు. రోజులు గడుస్తున్నాయి. ఆ అమ్మాయి పొద్దున్నుంచీ సాయంత్రం దాకా లాయర్ మెయిల్ కోసం ఫోన్ తిరగేసి చూడటం మేమందరం చూస్తూనే ఉన్నాం. నేను చర్చిలో ఆమె కోసం ప్రార్థన చేయించాను, ఆమెకి చెప్పలేదు.

జూన్‌లో ఒక మంగళవారం అందరం లంచ్‌కి కూర్చున్నాం. ఆమె నా ఎదురుగా కూర్చుంది. పచ్చిపులుసు కలుపుకుంది. వాళ్ళమ్మాయి టీచర్‌ని ఎలా అనుకరిస్తుందో చేసి చూపించింది. మా ఆవిడ మోకాలు ఎలా ఉందని అడిగింది. పెరుగన్నంలో మామిడిపండు ముక్క నంజుకుంది, నాకూ రెండు ముక్కలు పెట్టింది. సింక్ దగ్గర డబ్బా కడుక్కుని, తుడుచుకుని, మూత పెట్టింది. ఒంటిగంటైంది. అందరూ లేచారు.

"అన్నా, అప్రూవల్ వచ్చింది," అంది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఎప్పుడొచ్చిందన్నాను.

"పన్నెండుకి పది నిముషాల ముంగట."

"మరి ఇంతసేపూ చెప్పవేంటి తల్లీ?"

"అన్నం తిన్నంక చెప్దామని."

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఇన్ని నెలలు ఒక్క మెయిల్ కోసం ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతికిన మనిషి, ఆ మాట కడుపులో పెట్టుకుని గంటసేపు నా ఎదురుగా కూర్చుని, పెరుగన్నం కమ్మగా తిన్నది. నేను కళ్ళారా చూశాను.